పన్నెండోవాడి సంగతేమిటి?

"వార్షిక సంచికకు ఏదైనా రాసివ్వండి సార్" అని విద్యార్థి సంఘం మిత్రులు వచ్చి అడిగినప్పుడు, నిరుద్యోగ సమస్య మీదనో పరీక్షల సంస్కరణ మీదనో నాలుగు పేజీలు రాద్దామనే అనుకున్నాను. కాని కొన్ని వారాలుగా మన క్యాంటీనులో టీ గ్లాసుల చుట్టూ ఈగల కంటె ఎక్కువగా ముసురుతున్న వాదన ఒకటుంది. అది తేలనిదే నిరుద్యోగం మీద నేనేం రాసినా చదివే నాథుడుండడని తెలిసిపోయింది. వాదన ఇదీ: సరిగ్గా ఆడలేకపోతున్న కుర్రవాణ్ణి జట్టులో కొనసాగించాలా, లేక తీసి పక్కన కూర్చోబెట్టాలా?

ఆటల గొడవ మనకెందుకని అధ్యాపక మిత్రులు పేజీ తిప్పెయ్యవద్దని మనవి. పైకి చూస్తే ఈ వాదన విశాఖపట్నం ఆటగాడు కె.ఎస్. భరత్ గురించి మొదలవుతుంది. పది నిమిషాలయ్యేసరికి గొంతులు లేస్తాయి. అప్పుడర్థమవుతుంది, వాళ్ళు మాట్లాడుతున్నది భరత్ గురించి కాదు, మన కాలేజీ వికెట్ కీపర్ గురించి అని. ఆ అబ్బాయి పేరు ఇక్కడ రాయను. చేవెళ్ళ అవతల ఒక ఊరి నుంచి వస్తాడు, రెండో సంవత్సరం. అతనెవరో తెలియనివాళ్ళు మన కాలేజీలో ఉంటే, వాళ్ళు లైబ్రరీలో ఎక్కువసేపు గడుపుతున్నారని సంతోషిద్దాం.

ముందు భరత్ సంగతి చూద్దాం. పేరున్నవాడి కథలో మంచిచెడ్డలు మాట్లాడుకోవడం సులువు, ఎవరి మనసూ నొచ్చుకోదు.

2015లో ఒంగోలులో గోవా జట్టు మీద 308 పరుగులు చేసి, రంజీ ట్రోఫీలో ట్రిపుల్ సెంచరీ కొట్టిన మొట్టమొదటి వికెట్ కీపర్ అనిపించుకున్నాడు భరత్. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఎదురుచూపు. 2021 నవంబరులో కాన్పూరు టెస్టులో సాహాకు మెడ పట్టేస్తే, బదులుగా వెళ్ళి రెండు క్యాచులు పట్టాడు, ఒక స్టంపింగ్ చేశాడు. అయినా ఆ టెస్టు అతని ఖాతాలో పడలేదు. బదులు నిలబడ్డవాడికి టోపీ ఇవ్వరు కదా! 2022 డిసెంబరు 30న రిషభ్ పంత్ కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడ్డాక, 2023 ఫిబ్రవరిలో నాగపూరులో ఆస్ట్రేలియా మీద ఆ టోపీ దక్కింది. అప్పటికి భరత్‌కు ఇరవైతొమ్మిదేళ్ళు. మన క్యాంటీను లెక్క ప్రకారం కుర్రాడేమీ కాదు. కాని టెస్టు క్రికెట్లో తొలి సంవత్సరం ఆడుతున్న ప్రతివాడూ కుర్రాడే.

ఇక అంకెలు. నాగపూరులో 8. ఢిల్లీలో 6, 23 నాటవుట్. ఇండోరులో 17, 3. అహ్మదాబాదులో 44. జూన్లో ఓవల్ మైదానంలో టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్లో 5, 23. ఇవి చూసి "చాలదు" అనేవాళ్ళతో నాకు పేచీ లేదు, చాలవు. పేచీ ఆ తర్వాత జరిగినదానితో. జూలైలో వెస్టిండీస్‌లో ఇషాన్ కిషన్ చేత కీపింగ్ చేయించారు. డిసెంబరులో దక్షిణాఫ్రికాలో కె.ఎల్. రాహుల్ చేత చేయించారు. 2024 జనవరిలో ఇంగ్లండు వచ్చేసరికి మళ్ళీ భరత్. ఇంట్లో చుట్టాలెక్కువైనప్పుడు బయటికి తీసి, వాళ్ళు వెళ్ళగానే అటక ఎక్కించే మడతమంచం ఉంటుంది చూడండి, అలాగన్నమాట.

ఉప్పల్లో జరిగిన ఆ మొదటి టెస్టులో భరత్ 41, 28 చేశాడు. రెండో ఇన్నింగ్స్‌లో అందరూ వెనక్కి వచ్చేశాక అశ్విన్‌తో కలిసి నిలబడ్డాడు. మనవాళ్ళు ఓడిపోయిందీ సరిగ్గా 28 పరుగులతోనే. తర్వాతి టెస్టు విశాఖలో, సొంత ఊళ్ళో. 17, 6. జట్టు గెలిచింది. రాజ్‌కోట్‌లో మూడో టెస్టుకు వచ్చేసరికి కీపింగ్ గ్లవ్స్ ఇరవైమూడేళ్ళ ధ్రువ్ జురెల్ చేతికి వెళ్ళాయి. జురెల్ మొదటి ఇన్నింగ్స్‌లో 46 కొట్టాడు. ఆ తర్వాత రాంచీలో 90, 39 నాటవుట్ చేసి మ్యాచ్‌ను గెలిపించాడు. భరత్ ఖాతా ఏడు టెస్టులు, 221 పరుగులు, సగటు ఇరవై దగ్గర ఆగింది. ఆ సెప్టెంబరులో పంత్ తిరిగి వచ్చి చెన్నైలో సెంచరీ కొట్టడంతో ఆ చర్చే ముగిసిపోయింది.

మరి భరత్‌ను తీసెయ్యడం తప్పా? నా ఉద్దేశంలో కాదు. మన గణితశాస్త్ర ఉపన్యాసకులు బల్ల గుద్ది చెప్పినట్టు, జురెల్ రాంచీలో ఆడిన ఆట చూశాక ఎవరూ ఆ నిర్ణయాన్ని వేలెత్తి చూపలేరు. కాని "పన్నెండు ఇన్నింగ్స్‌ ఇచ్చారు కదా, ఇంకెన్ని ఇవ్వాలి?" అని ఆయన అడిగిన ప్రశ్నకు మాత్రం నాకో జవాబుంది. పన్నెండు ఇన్నింగ్స్‌ వరసగా ఇవ్వడం వేరు, ఏడాది పొడవునా తుంపులు తుంపులుగా ఇవ్వడం వేరు. విత్తనం నాటి, రెండు రోజులకోసారి మట్టి తవ్వి మొలకెత్తిందా లేదా అని చూసే రైతును చేవెళ్ళ ప్రాంతంలో నేనింతవరకు చూడలేదు.

ఇక్కడ వికెట్ కీపర్ కష్టం ప్రత్యేకమైనదని గుర్తుంచుకోవాలి. బ్యాట్స్‌మన్ ఆడకపోతే ఆరో స్థానం నుంచి మూడుకో, మూడు నుంచి ఆరుకో మార్చి చూడవచ్చు. బౌలర్ దెబ్బతింటే కొత్త బంతి తీసుకుని పాత బంతి ఇవ్వవచ్చు. కీపర్‌కు ఆ వెసులుబాటు లేదు. స్టంపుల వెనక ఉన్నది ఒక్కటే చోటు. అందులో ఇద్దరు పట్టరు. ఒకణ్ణి పెట్టడమంటే ఇంకొకణ్ణి లేపడమే.

అమెరికాలో స్థిరపడ్డ మన పూర్వ విద్యార్థులు చాలామంది ఆదివారాలు అక్కడి ఫుట్‌బాల్ చూస్తారు. కాలితో ఆడే మన ఫుట్‌బాల్ కాదు, శిరస్త్రాణాలు పెట్టుకుని కుమ్ముకునేది. అందులో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు. ప్రతి ఎత్తుగడా అతని చేతి మీదుగానే నడవాలి. కరొలినా పాంథర్స్ అనే జట్టు 2023లో బ్రైస్ యంగ్ అనే కుర్రాణ్ణి ఆ ఏటి ఎంపికలో అందరికంటె ముందు తీసుకుంది. మొదటి సంవత్సరం ఆ జట్టు ఓటమి మీద ఓటమి చవిచూసింది. 2024లో రెండు ఆటలు కాగానే అతన్ని కూర్చోబెట్టి, ముప్పైయారేళ్ళ ఆండీ డాల్టన్‌ను దింపారు. దేశమంతా ఇదే చర్చ: కుర్రాడి భవిష్యత్తు నాశనం చేశారని కొందరు, కాపాడారని కొందరు. ఆఖరికి తేల్చింది చర్చ కాదు. అక్టోబరులో డాల్టన్‌కు కారు ప్రమాదంలో బొటనవేలు దెబ్బతిన్నది, మళ్ళీ యంగ్‌నే దింపారు. ఈసారి మెరుగ్గా ఆడాడు, ఆ సీజను చివరిదాకా చోటు నిలబెట్టుకున్నాడు. భరత్‌కు అవకాశం వచ్చిందీ ఒక కారు ప్రమాదం వల్లే, యంగ్‌కు తిరిగి వచ్చిందీ ఒక కారు ప్రమాదం వల్లే. ఒక్కటే కుర్చీ ఉన్న ఉద్యోగాల్లో ప్రతిభ ఎంత పనిచేస్తుందో, ఇలాంటివీ అంత పనిచేస్తాయి. (పదోన్నతుల కోసం ఎదురుచూస్తున్న అధ్యాపక మిత్రులకు ఇది వేరే చెప్పాలా?)

కూర్చోబెట్టడం అనగానే అవమానమనే అనుకోవాలా? అజీజ్‌నగర్‌లో డెక్కన్ ఎరీనా ఉంది, మన మొయినాబాద్ మండలమే. శ్రీనిధి డెక్కన్ జట్టు 2021-22లో ఐ-లీగ్‌లో అడుగుపెట్టి, 2022-23లోనూ 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచింది. అక్కడ మ్యాచ్ చూసినవాళ్ళకు తెలుసు. డెబ్బయ్యో నిమిషంలో అంకెల పలక లేస్తుంది, ఒకడు పరుగెత్తుకుంటూ బయటికొస్తాడు, లోపలికి వెళ్ళేవాడి చెయ్యి తట్టి కూర్చుంటాడు. ఇప్పుడు ఒక మ్యాచ్‌లో అయిదుగురిని మార్చవచ్చు. ఫుట్‌బాల్లో బెంచీ అనేది ఆటలో భాగం. వచ్చే వారం వాడే మొదట దిగుతాడు. క్రికెట్లో అలా కాదు. పన్నెండోవాడు అయిదు రోజులూ నీళ్ళసీసాలు మోసి, ఆరో రోజున వాడెలా ఆడతాడో ఎవరికీ తెలియకుండానే మిగిలిపోతాడు.

ఫుట్‌బాల్ మాట వచ్చింది కనుక మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం గారిని తలచుకోకుండా ముందుకు పోకూడదు. ఉస్మానియాలో చదివి, బడిపంతులుగా పనిచేసి, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చిన మనిషి. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో ఫైనల్‌కు ముందు గోల్ కాచినవాడు ప్రద్యుత్ బర్మన్. అతను చేసిన తప్పేమీ లేదు. జట్టు అతనితోనే ఫైనల్ దాకా వచ్చింది. అయినా కొరియాతో ఫైనల్‌కు రహీం గారు పొడగరి పీటర్ తంగరాజ్‌ను నిలబెట్టారు. తలకు దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను తీసెయ్యకుండా ముందుకు పంపి గోల్ కొట్టమన్నారు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1తో బంగారు పతకం. మర్నాడు ఎవరైనా "బర్మన్ చేతగాక కూర్చున్నాడు" అని ఉంటారా? ఉండరు. తీసినవాడి మాటకు అక్కడ విలువ ఉంది కాబట్టి తీయడం మచ్చ కాలేదు. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం గారు మరుసటి ఏడాది జూన్లో కన్నుమూశారు.

ఇప్పుడు మన నగరం ఆటగాళ్ళనే ఇద్దరిని తీసుకుందాం. వి.వి.ఎస్. లక్ష్మణ్ 1996 నవంబరులో అహ్మదాబాదులో తొలి టెస్టు ఆడి రెండో ఇన్నింగ్స్‌లో 51 చేశాడు. అక్కణ్ణుంచి నాలుగేళ్ళు రావడం, పోవడం. మధ్యవరసలో ఆడవలసినవాడి చేత ఓపెనింగ్ చేయించారు. 2000 జనవరిలో సిడ్నీలో ఓపెనర్‌గానే 167 కొట్టాడు నిజమే, కాని ఆ చోటు అతనిది కాదు. ఇక నేను ఓపెనింగ్ చెయ్యను అని తానే ప్రకటించాడు. చోటు గట్టిగా లేనివాడు ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. ఆ 1999-2000 రంజీ సీజనులో హైదరాబాదు తరఫున ఎనిమిది సెంచరీలతో 1415 పరుగులు చేశాడు. 2001 మార్చిలో కలకత్తాలో 281. అది తాతలు మనవలకు చెప్పే కథ, నేను వివరించనక్కరలేదు.

రెండోవాడు మహమ్మద్ సిరాజ్. ఆటో నడిపే తండ్రి కొడుకు. 2016-17 రంజీలో హైదరాబాదుకు 41 వికెట్లు తీసి వెలుగులోకి వచ్చాడు. 2017 నవంబరులో రాజ్‌కోట్‌లో తొలి టీ-ట్వంటీలో నాలుగు ఓవర్లలో 53 పరుగులిచ్చాడు. 2019 జనవరిలో అడిలైడులో తొలి వన్డేలో పది ఓవర్లకు 76, వికెట్ లేదు. మళ్ళీ వన్డే ఆడటానికి మూడేళ్ళు పట్టింది. 2019 ఏప్రిల్లో బెంగళూరులో కలకత్తా జట్టు మీద నడుం పైకి రెండు బంతులు వేసి ఓవరు మధ్యలోనే బౌలింగ్ నుంచి తప్పుకోవలసి వచ్చింది. పోయి మీ నాయనతో పాటు ఆటో నడుపుకొమ్మని జనం అన్నారని తర్వాత అతనే చెప్పుకున్నాడు. మన క్యాంటీనులో అప్పుడు ఓటింగ్ పెడితే నూటికి తొంభైమంది "తీసెయ్యండి" అనేవాళ్ళే.

బెంగళూరు యాజమాన్యం అతన్ని ఆడించని మ్యాచులున్నాయి, కాని వదిలెయ్యలేదు. 2020 అక్టోబరులో అదే కలకత్తా మీద నాలుగు ఓవర్లు, రెండు మెయిడెన్లు, ఎనిమిది పరుగులు, మూడు వికెట్లు. నెల తిరక్కుండానే, జట్టుతో ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి పోయారు. ఇంటికి రాలేదు. డిసెంబరులో మెల్బోర్న్‌లో తొలి టెస్టు, జనవరిలో బ్రిస్బేన్‌లో అయిదు వికెట్లు. 2023 ఆసియా కప్పు ఫైనల్లో 21 పరుగులకు ఆరు వికెట్లు, శ్రీలంక 50కి ఆలౌట్. ఇంతా చేసి 2025 ఫిబ్రవరిలో ఛాంపియన్స్ ట్రోఫీకి మళ్ళీ జట్టులో పేరు లేదు! అదే ఏడాది ఆగస్టు 4న ఓవల్‌లో ఇంగ్లండు గెలుపు అంచున ఉండగా అయిదో వికెట్ తీసి ఆరు పరుగులతో గెలిపించినవాడూ సిరాజే. ఆ సిరీస్‌లో అయిదు టెస్టులూ ఆడాడు, 23 వికెట్లు తీశాడు.

లక్ష్మణ్‌ను కూర్చోబెట్టారు, సిరాజ్‌ను కూర్చోబెట్టారు, భరత్‌ను కూర్చోబెట్టారు. సిరాజ్ అడిలైడులో దెబ్బతిన్ననాడు సెలెక్షన్ కమిటీ అధ్యక్షుడిగా ఉన్న ఎం.ఎస్.కె. ప్రసాద్ కూడా, 1999-2000లో ఆరు టెస్టులాడి చోటు పోగొట్టుకున్న గుంటూరు వికెట్ కీపరే. కనుక "కూర్చోబెడితే కుర్రాడు పాడైపోతాడు" అనే వాదన నిలవదు. "కూర్చోబెడితేనే బుద్ధి వస్తుంది" అనేదీ అంతే. లక్ష్మణ్‌కు బుద్ధి బెంచీ మీద రాలేదు. రంజీ పిచ్ మీద, రోజుకు ఆరు గంటలు నిలబడి, సెంచరీ తర్వాత సెంచరీ కొడుతూ వచ్చింది. సిరాజ్‌కు ఇండియా-ఎ ఉంది, రంజీ ఉంది, ఐపీఎల్ ఉంది. ఒక తలుపు మూసినప్పుడల్లా వాడికి ఇంకో గ్రౌండు తెరిచే ఉంది. జట్టులోంచి తీసేశారేగాని ఆటలోంచి తీసెయ్యలేదు.

అందుకే, బెంచీ అందరికీ ఒకే ఎత్తు కాదంటాను నేను.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో తెలిసినది కాదు. చదువుకునే రోజుల్లో నగరంలో ఒక లీగు జట్టుకు కీపింగ్ చేసేవాణ్ణి. వరసగా నాలుగు మ్యాచుల్లో పరుగులు రాలేదు. అయిదో ఆదివారం తెల్లవారుజామున చేవెళ్ళలో మొదటి బస్సెక్కి, మర్రిచెట్ల కింద చీకట్లో ప్రయాణం చేసి, మెహదీపట్నంలో దిగి, ఇంకో బస్సు పట్టుకుని సికింద్రాబాదు చేరేసరికి నా ప్యాడ్లు మరొకడి కాళ్ళకున్నాయి. ఎవరూ ఏమీ అనలేదు. స్కోరు పుస్తకం చేతిలో పెట్టారు. సాయంత్రం దాకా ఇతరుల పరుగులు రాసి, మళ్ళీ రెండు బస్సులు మారి ఇంటికి చేరాను. మా అమ్మ "గెలిచిండ్రా?" అని అడిగింది. గెలిచారు కూడా. ఆ తర్వాత నేను ఆ గ్రౌండుకు పోలేదు, రమ్మని వాళ్ళూ కబురు పెట్టలేదు. నగరంలో ఉన్నవాడైతే మర్నాడు సాయంత్రం ఇంకో గ్రౌండుకు నడిచిపోయేవాడు. పెరేడ్ గ్రౌండ్ కాకపోతే నిజాం కాలేజీ, అది కాకపోతే గల్లీ. చేవెళ్ళవాడికి జట్టు పోయిందంటే ఆట పోయినట్టే.

ఇప్పుడు మన కీపర్ దగ్గరికి వద్దాం. గత ఆరు మ్యాచుల్లో అతని అత్యధిక స్కోరు పదకొండు. క్యాచులు కూడా జారుతున్నాయి. తీసెయ్యాలి అనేవాళ్ళ వాదనలో బలం ఉంది. చెమటోడ్చి బంతులేస్తున్న మన ఫాస్ట్ బౌలర్ ఒకడు నాతో అన్నాడు: "సార్, వానికి అమ్మానాయనలు ఉన్నరు, నాకు లేరా? నా బాల్‌కు ఎడ్జ్ వస్తది, వాడు ఇడిసిపెడతడు. మా ఊళ్ల నేనేం చెప్పాలె?" ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఎవరి దగ్గరా ఉండకూడదు. జాలితో ఒకణ్ణి ఆడిస్తే ఆ జాలి ఖరీదు మిగతా పదిమంది కడతారు. పైగా జాలి మీద ఆడుతున్నానని ఆ అబ్బాయికి తెలియకుండా ఉంటుందా? స్టంపుల వెనక నిలబడి, స్లిప్‌లో ఉన్నవాళ్ళు తన గురించి గొణుక్కుంటున్నారని అనుకుంటూ ఏ కీపరైనా బంతి ఎలా పడతాడు?

అటువైపు మాటా విన్నాను. అతనితో బస్సులో వచ్చే మిత్రుడు క్యాంటీనులో లేచి నిలబడి అడిగాడు: "గిట్ల తీసేస్తే వాడు మళ్ల గ్రౌండ్‌కొస్తడా సార్? గ్రౌండ్‌కు రాకపోతే కాలేజీకి మాత్రం ఎందుకొస్తడు? వాళ్ల నాయన ఎప్పటిసంది అంటుండు, టమాట తోటల పని ఉంది, రా అని." ఇది బెదిరింపు అని కొందరు నవ్వారు. నేను నవ్వలేదు. హాజరు పట్టీలు రాసేవాణ్ణి, ఇలా మాయమైన పేర్లు నాకు తెలుసు. పొద్దున పూలు, కూరగాయలు ఎక్కిన బస్సులో నిలబడి వచ్చే పిల్లలకు ఈ కాలేజీతో ఉన్న బంధం పాఠ్యపుస్తకం ఒక్కటే కాదు.

ఆటల కమిటీలో నాదీ ఒక ఓటు. కనుక దాచుకోకుండా చెబుతున్నాను: అంతర్ కళాశాల పోటీలకు అతన్ని మొదటి జట్టులో ఆడించవద్దనే నా ఓటు వేస్తాను. మొదటి సంవత్సరం అబ్బాయి ఒకడు కీపింగ్ బాగా చేస్తున్నాడు, వాడికి అవకాశం ఇవ్వాలి. ఇచ్చినప్పుడు ఆ టోర్నమెంటు మొత్తం ఇవ్వాలి. ఒక మ్యాచ్ చూసి మళ్ళీ పాతవాణ్ణి, రెండో మ్యాచ్‌కు ఓపెనర్‌తో కీపింగ్, ఇలాంటి మడతమంచం వ్యవహారం వద్దు.

కాని ఆ ఓటుకు ముందు నేను అడిగేది ఇంకోటుంది. మన కాలేజీకి రెండో జట్టు కావాలి. కాగితం మీద ఎప్పటినుంచో ఉంది, ఫోటోల్లో కూడా ఉంది, మ్యాచులు మాత్రం లేవు. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల మధ్య ఈ మొయినాబాద్ చుట్టుపక్కల ఇప్పుడు ఎన్ని క్రికెట్ గ్రౌండ్లు వెలిశాయో మీకు తెలియనిది కాదు. శని ఆదివారాలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు రంగు రంగుల బట్టలేసుకుని అద్దె కట్టి ఆడుకుంటారు. మంగళవారం, బుధవారం అవే గ్రౌండ్లలో గేదెలు మేస్తుంటాయి. వారం మధ్యలో తక్కువ అద్దెకు ఇస్తారేమో అడగడానికి ఇద్దరు విద్యార్థులు, ఒక అధ్యాపకుడు చాలు. (ఆ అధ్యాపకుణ్ణి నేనవుతాను.) పోటీలకు ముందు నాలుగు మ్యాచులు ఆడించాలి. ఆ నాలుగింటిలోనూ మన కీపరే కీపింగ్ చెయ్యాలి, అయిదో స్థానంలో బ్యాటింగ్ చెయ్యాలి. చిల్కూరు బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేస్తే వీసా వస్తుందేమో గాని, ఫామ్ మాత్రం నూటెనిమిది బంతులు ఎదుర్కొంటేనే వస్తుంది.

ఇంకో మాట. జాబితా నోటీసు బోర్డు మీద పెట్టకముందే కెప్టెన్ ఆ అబ్బాయిని పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఎందుకు తీస్తున్నారో, ఏం చేస్తే తిరిగి తీసుకుంటారో చెప్పాలి. "చూద్దాంలే" అనే మాట వాడకూడదు. ఎడమవైపు వెళ్ళే బంతికి కాళ్ళు కదలడం లేదని మన పీడీ గారే అన్నారు. ఆ ముక్క అతనికి నేరుగా ఎవరైనా చెప్పారా? నేను విచారించినంతవరకు చెప్పలేదు. క్యాంటీనులో ముప్పైమందికి తెలిసిన లోపం ఆ ఒక్కడికే తెలియదు. "చెబితే బాధపడతాడు సార్" అంటున్నారు. బాధపడనివ్వండి. నోటీసు బోర్డు చూసి తెలుసుకుంటే పడే బాధ కంటె ఇది తక్కువేనని అనుభవం మీద చెబుతున్నాను.

కెప్టెన్‌కు ఇది కష్టమే. ఇరవయ్యేళ్ళ కుర్రాడు తన తోటివాడి ముఖం మీద ఇలాంటి మాట చెప్పడం సామాన్యం కాదు. కావాలంటే పక్కన నేను కూర్చుంటాను, మాట్లాడను.

పూర్వ విద్యార్థి మిత్రులకు ఒక విన్నపం. ఈ సంచికలో వ్యాపార ప్రకటనలిచ్చి మీరు చేస్తున్న సాయం మాకు తెలుసు. రెండో జట్టుకు మాత్రం ప్రస్తుతం కీపింగ్ గ్లవ్స్ ఒక్కటే జత ఉంది, అందులో ఎడమచేతిది బొటనవేలు దగ్గర చిరిగింది. రెండు బ్యాట్లు, ఒక జత ప్యాడ్లు, నాలుగు మ్యాచులకు సరిపడా బంతులు కావాలి. ఇవ్వదలచినవారు విద్యార్థి సంఘం కోశాధికారిని కలవవచ్చు, రసీదు ఇస్తారు. గ్లవ్స్ కొనేవాళ్ళు మధ్యరకం సైజు తీసుకోండి, మన వాడి చేతులు చిన్నవి.